ఆరువేళ్ల పోలిరాజు సంబంధం

జగ్గమ్మ ఎవరినీ నమ్మదు. ఇది ఆమె మీద నింద కాదు, ఆమె బతుకుతెరువు. కోల్‌కతాలోని తెలుగువాళ్లకు, ఏక్‌బాల్‌పూర్ రేవు కార్మికుల నుంచి సాల్ట్ లేక్ కంప్యూటర్ ఉద్యోగుల దాకా, పెళ్లి సంబంధాలు చూడడం ఆమె పని. పెళ్లి దగ్గర అందరూ అబద్ధమాడతారని ఆమె గట్టి నమ్మకం. ఆడపిల్లవాళ్లు వయసు దగ్గర, మగపెళ్లివాళ్లు జీతం దగ్గర, ఇద్దరూ రోగాల దగ్గర. అబ్బాయి బంగారమని తల్లి చెబితే ఆమె వినదు. వీధి చివర ఇస్త్రీ బండివాడు చెబితే సగం వింటుంది.

ఆమెకో పద్ధతి ఉంది. దాన్ని ఆమె ‘మేతెయ్యడం’ అంటుంది. ఇద్దరు మనుషుల్లో ఎవరి నోరు మంచిది కాదో తెలియాలంటే, ఒకరికి అబ్బాయికి ఉబ్బసమనీ ఇంకొకరికి అబ్బాయికి చెవుడనీ చెబుతుంది. రెండూ అబద్ధాలే. నాలుగు రోజుల తర్వాత ఊళ్లో తిరిగేది ఉబ్బసమా చెవుడా అని చూసుకుని, ఆ మనిషిని జన్మలో మళ్లీ గుమ్మం ఎక్కనివ్వదు.

నేనూ అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. మా ఆయన బ్యాంకు బదిలీల పుణ్యమా అని ఊరూరా తిరిగి, పాలవాణ్నీ ఇంటి ఓనర్నీ అనుమానించడం బాగా వంటబట్టించుకున్నాను. అందుకే జగ్గమ్మ నాకు చూడగానే నచ్చింది.

ఆమె దగ్గరికి వెళ్లింది మా అక్క కూతురు పూజిత కోసం. పిల్ల సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉంటుంది. జగ్గమ్మ ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో ఒక సన్నని గల్లీలో, స్కూలు బ్యాగులు కుట్టే దుకాణం పైన. కింద మెషీన్లు నడుస్తుంటే మెట్లు అదురుతుంటాయి. ముందు గదిలో సింహాచలం అప్పన్న పటం, పక్కనే ఆమె భర్త ఫోటో. ఆయన రేవులో క్రేను నడిపేవాడు. ఆ ఫోటో కింద బల్ల మీద కంప్యూటర్. దాని తెర గోడవైపు తిరిగి ఉంటుంది. గోడకీ బల్లకీ మధ్య ఇరుకులో జగ్గమ్మ కుర్చీ. ఎదుట కూర్చున్నవాళ్లకి కంప్యూటర్ వీపే కనిపిస్తుంది. పని లేనప్పుడు దాని మీద అల్లిక గుడ్డ కప్పి ఉంటుంది.

ఆంధ్ర నుంచి వచ్చే సంబంధాలన్నీ మెయిల్‌లోనే వస్తాయి. అవి చదవడం, జవాబు రాయడం అన్నీ ఆమే.

“సెప్పడానికి సిగ్గనిపించిందేదైనా ఉంటే ఇంటికెల్లి రాసి పంపు, బేంకమ్మా,” అంది నాతో మొదటి రోజే. “ఇక్కడ మాటాడితే ఇనేవోళ్లున్నారు. నా దగ్గరేటీ దాయకు. నాను బయట సెప్పను.”

ఇనేవోళ్లు అంటూ వంటింటివైపు కళ్లు తిప్పింది. అక్కడ ఆమె కోడలు మేరీరాణి మాకు టీ పెడుతోంది.

ఈ కోడలి కథ ఊరంతటికీ తెలుసు. ఊరందరికీ సంబంధాలు చూసిన జగ్గమ్మకి సొంత కొడుకు సంబంధం చూసే యోగం పట్టలేదు. ఆ అశోక్‌కుమార్ రేవులో పని చేస్తూ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన క్రైస్తవుల పిల్లని ప్రేమించి, రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. జగ్గమ్మ గుమ్మంలో హారతి ఇచ్చింది గానీ మనసులో చోటివ్వలేదు. పేరు పెట్టి పిలవదు. బెంగాలీవాళ్లు కోడల్ని పిలిచినట్టు ‘బౌమా’ అంటుంది. ఆ పిల్ల నెమ్మదైనది. పిలిస్తే వస్తుంది, లేకపోతే వంటింట్లో చర్చి క్యాలెండర్ కింద పీట మీద కూర్చుని ఏదో చదువుకుంటూ ఉంటుంది.

జగ్గమ్మ చెప్పినట్టే ఇంటికి వెళ్లి అంతా రాసి పంపాను. పూజితకి ఇంతకుముందు ఒకసారి నిశ్చితార్థం అయింది. ఆ అబ్బాయి పెళ్లికి ముందే దాని ఫోను పాస్‌వర్డ్ అడిగాడు. ఇవ్వనంది. నా దగ్గర దాచేదేముంది అన్నాడు. అది ఉంగరం తీసి అతని చేతిలో పెట్టి వచ్చేసింది. తప్పు ఎవరిదో నాకు తెలుసు, లోకానికి మాత్రం పెళ్లి ఆగిపోయిన ఆడపిల్ల అనేదే గుర్తుంటుంది. అందుకే ఆ సంగతి కోల్‌కతాలో ఒక్క మనిషికి కూడా చెప్పలేదు, జగ్గమ్మకి తప్ప.

రెండు వారాలు తిరిగాయో లేదో, ఎన్నడూ వినని ఒక వివాహ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. తీయని గొంతు. “పూజిత గారి నిశ్చితార్థం తప్పిపోయిన సంగతి మాకు తెలుసండి. అలాంటి అమ్మాయిలకి సరిపడే సంబంధాలు మా దగ్గర విడిగా ఉన్నాయండి,” అంది.

అలాంటి అమ్మాయిలు అన్న మాటకి నా ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేసి, చీర కూడా మార్చుకోకుండా క్యాబ్ పిలిచాను. ఆ రోజు శనివారం, పూజిత ఇంట్లోనే ఉంది. గొడవ పెద్దదవుతుందని భయపడి తనూ వెంట వచ్చింది. దారి పొడుగునా నేను జగ్గమ్మని తిడుతూనే ఉన్నాను. మన గుట్టు తీసుకెళ్లి ఎవరికో అమ్ముకుంది, ఇంతకాలం మోసం పట్టేదానిలా వేషం వేసింది అన్నాను. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మెట్లెక్కి లోపలికి వెళ్లేసరికి గుమ్మం పక్కన సర్దిన సంచీ ఒకటి కనిపించింది. జగ్గమ్మ నా మొహం చూడగానే అర్థం చేసుకుంది.

“నీకూ ఫోనొచ్చిందా?” అంది. “కూకో. నువ్వు మూడోదానివి. టిటాగఢ్‌వోళ్లొచ్చి దుమ్మెత్తి పోసి ఎల్లిపోనారు. హౌరావోళ్లు ఆల కాగితాలన్నీ ఎనక్కి పట్టుకుపోనారు. ముప్పై ఏళ్ల పేరమ్మా నాది. పోనాది.”

“మరి ఎవరు చెప్పారు, గాలి చెప్పిందా?” అన్నాను.

జగ్గమ్మ గొంతు తగ్గించింది. “ఇంకెవులు? ఈ కొంపలో తెలుగు సదివేది ఎవులు? బౌమా. నాను బజారుకెల్లినప్పుడు కంపూటర్ తుడుస్తానని ఆ కుర్చీలో కూకుంటాది. రేపు నా కొడుకు హౌరాలో రైలెక్కించి కరగ్‌పూర్‌లో దిగబెట్టొస్తాడు. ఇసాపట్నంలో మా రామమ్మొదినకి కూడా రాసీసాను, దొంగని పట్టుకున్నానని.”

ఆ మాటలో ఏదో నాకు తేడాగా తగిలింది. ఈ కొంపలో తెలుగు చదివేది కోడలే అయితే అత్తగారి సంగతేమిటి? కానీ కోపంలో ఉన్నదాన్ని, పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ పిల్ల మీదికే పోయింది అనుమానం. నెమ్మదిగా ఉండేవాళ్లంటే నాకు ముందునుంచీ అదో రకం. నోరు లేనివాళ్లకి చెవులు పెద్దవని నా అభిప్రాయం.

“రుజువేముంది ఆంటీ?” అంది పూజిత.

“మేతేసాను,” అంది జగ్గమ్మ. “లేని పెళ్లికొడుకునొకడ్ని పుట్టించి, ఆడికి ముందే పెళ్లయి పెళ్లాం పోనాదని బౌమా ఇనేటట్టు ఫోన్లో మాటాడినాను.”

“ఆ సంగతి బయటికి వచ్చిందా?”

“రాలేదు. తెలివైంది గదా, వాసన పట్టీసింది.”

పూజిత నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోలేకపోయాను. మేత తింటే దొంగ, తినకపోతే గడుసు దొంగ. ఇక ఆ పిల్ల మంచిదని తేలడానికి దారి ఏది?

“ఆ పెళ్లికొడుకు గురించి కంప్యూటర్‌లో ఏమైనా రాశారా?” అని అడిగింది పూజిత.

“లేదు. నోటితోనే.”

“అయితే ఇప్పుడు ఇంకో పెళ్లికొడుకుని పుట్టించండి. నోటితో ఎవరికీ చెప్పొద్దు. కంప్యూటర్‌లోనే రాసి పిన్నికి పంపండి.”

“కంపూటర్‌కేటి, నోరున్నాదా?” అంది జగ్గమ్మ. ఈ ప్రపంచంలో ఆమె నమ్మిన ఒకే ఒక్కటి అదేనని అప్పుడు తెలిసింది.

మేరీరాణి చేపలకి బజారుకి వెళ్లేదాకా ఆగాం. జగ్గమ్మ గోడకీ బల్లకీ మధ్య దూరి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. పేరు పోలిరాజు. ఎడమ చేతికి ఆరు వేళ్లు. చిన్నప్పటి నుంచి తేనె అమ్మే వ్యాపారం. ఆరో వేలు జగ్గమ్మది, తేనె నాది. తండ్రి పేరు దగ్గర మా ఆయన పేరు, ఫోన్ నంబరుగా ఆయన కొత్తగా తీసుకున్న సిమ్ నంబరు ఇచ్చాను. అది మా ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. కోడల్ని పంపడం వచ్చే ఆదివారం దాకా ఆపమని గట్టిగా అడిగితే, జగ్గమ్మ గొణుక్కుంటూ ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే ఈ కథంతా సాల్ట్ లేక్‌లో చెబుతానని అనుకుని ఉంటుంది. చెప్పేదాన్నే.

గురువారం మా ఆయన భోజనం చేస్తుంటే ఫోన్ మోగింది. ఆయనకి మేం ఏమీ చెప్పలేదు.

“ఆఁ, రామనాథాన్నే,” అన్నారు. కాసేపు విన్నారు. “మాకు కొడుకులు లేరండీ,” అన్నారు. మళ్లీ విన్నారు. తర్వాత ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి నావైపు తిరిగి, “పోలిరాజుకి ఆరో వేలున్నా వాళ్లకి అభ్యంతరం లేదట. ఎవడు వీడు?” అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. లేని మనిషిని ఎవరో చూశారు. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం, తెర గోడవైపే ఉంది. మరి ఎవరు చూసినట్టు?

శనివారం మళ్లీ ఏక్‌బాల్‌పూర్ వెళ్లాం. సంచీ గుమ్మం పక్కన అలాగే ఉంది. మేరీరాణి టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జగ్గమ్మ మేం చెప్పిందంతా విని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నువ్వే సేయించుంటావు బేంకమ్మా ఆ ఫోను. పోలిరాజు సంగతి నీకూ తెలుసు గదా.”

“నాకేం పని?” అన్నాను ఒంటికాలి మీద లేచి. “నా పిల్ల పరువు నేనే ఊరేగించుకుంటానా?”

“ఏమో. మనుసులు,” అంది.

పూజిత మమ్మల్ని పట్టించుకోకుండా లేచి, బల్ల అంచు పట్టుకుని కంప్యూటర్‌ని ఇటు తిప్పేసింది. జగ్గమ్మ చెయ్యి అడ్డం వచ్చేలోపే తెర మావైపు తిరిగింది.

“ఇదేంటి పిన్నీ,” అంది పూజిత, మెయిల్స్‌లో వెతికి ఒకటి తెరిచి. “నువ్వు పంపిన మెయిల్ ఇది. బెంగాలీలో ఉందేంటి?”

నేను వంగి చూశాను. పైన ఇంగ్లీషులో నా పేరు, నేను పంపిన తేదీ. కింద నేను రాసిన ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ బెంగాలీ లిపి.

పూజిత తెర మూల నుంచి ఏదేదో తెరిచి చూసింది. తర్వాత మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది. కంప్యూటర్‌లో ఇంటర్నెట్ చూపించే కిటికీని బ్రౌజర్ అంటారు. దానికి ఎవరో ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ తగిలించారు. తెలుగు లిపిలో వచ్చినదాన్ని అది బెంగాలీ లిపిలోకి మార్చి చూపిస్తుంది. బెంగాలీ లిపిలో కొట్టినదాన్ని తెలుగులోకి మార్చి పంపుతుంది. మాట తెలుగే, అక్షరాలే వేరు. అలా మార్చాలంటే అది ప్రతి పేజీలో ప్రతి ముక్కా చదవాలి. పెట్టేటప్పుడే ఆ అనుమతి తీసుకుంటుంది. మొదట మంచివాళ్లే తయారు చేసి ఉండొచ్చు, తర్వాత ఎవరి చేతికి పోయిందో తెలియదు. చదివిందంతా బయటికి పంపుతోంది. పెళ్లి వయసున్న పిల్లలు, ఫోన్ నంబర్లు, ఇంటి గుట్లు. కొనుక్కునేవాళ్లకి కొదవేముంది.

“ఈ బ్రౌజర్ కూడా ఎంత పాతదో చూడు పిన్నీ. దీంట్లో కన్నాలున్నాయని లోకమంతటికీ తెలుసు. కొత్తది వేసుకోమని ఇది రోజూ అడుగుతూనే ఉంటుంది. ఎందుకు వేసుకోలేదు ఆంటీ?”

జగ్గమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

“కొత్తదొస్తే ఇది పనిసెయ్యదన్నాడు,” అంది చివరికి. “ఇది పెట్టిచ్చినోడే, కిదిర్‌పూర్ మొబైల్ షాపు బెంగాలీ అన్న. అడిగినప్పుడల్లా ‘తర్వాత’ అనున్న కాడ నొక్కమన్నాడు. నొక్కినాను.”

పూజిత ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఆపింది. తెర మీది అక్షరాలన్నీ ఒక్కసారి కదిలి తెలుగులోకి వచ్చేశాయి. అవిగో నా వాక్యాలు, నా పిల్ల ఉంగరం తీసి ఇచ్చేసిన కథ. జగ్గమ్మ మాత్రం గోడ చూసినట్టు చూస్తోంది వాటిని.

అప్పటికి నా మట్టి బుర్రకి ఎక్కింది. ఆమె ఇక్కడే పుట్టింది, బెంగాలీ బడిలో చదువుకుంది. తెలుగువాళ్లందరి జాతకాలూ చూసే మనిషికి తెలుగు చదవడం రాదు. అది ఎవరికైనా తెలిస్తే పెద్ద కులస్తులూ, బ్యాంకులవాళ్లూ ఇక ఆమె గడప తొక్కరని భయం. ఇంట్లో చదవడం వచ్చిన కోడలు ఉంది, కోడల్ని అడగడానికి మనసొప్పలేదు. అందుకని ముక్కూ మొహం తెలియని దాన్ని తెచ్చి నెత్తిన పెట్టుకుంది.

నాకు ఆమె మీద జాలి కలగలేదు, కోపమే వచ్చింది. “మరి ఈ పిల్లనెందుకు పంపేస్తున్నారు?” అన్నాను.

వంటింటి గుమ్మంలో మేరీరాణి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“మీరేటీ అనకండమ్మా అత్తని,” అంది నాతో. “నాకు తెలుసు. పెళ్లయిన మొదటి నెల్లోనే తెర తుడుస్తుంటే ఈ బెంగాలీ అచ్చరాలు సూసాను.”

జగ్గమ్మ చప్పున తల తిప్పింది. “ఎవులికి సెప్పినావు?”

“ఎవులికి సెప్తానత్తా?”

“నా కొడుక్కి?”

“లేదు.”

“మీ అమ్మకి?”

“లేదత్తా. నీకు సిగ్గు గదా.”

మేతెయ్యకుండానే దొరికిన రుజువు అది. ఇన్నేళ్లుగా తన గుట్టు ఈ పిల్ల కడుపులో ఉంది, ఒక్క మాట బయటికి రాలేదు. జగ్గమ్మకి అది మింగుడుపడలేదు. అనుమానించడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని చాలాసేపు ఆ పిల్ల మొహంలో వెతికింది.

పూజిత పాత బ్రౌజర్ తీసేసింది. తమ ఆఫీసులో భద్రమైందని వాడేదాన్ని వేసి, దానంతట అదే కొత్తది చేసుకునేలా పెట్టింది. మెయిల్‌కి పాస్‌వర్డ్ మార్పించింది. జగ్గమ్మ మా ఇద్దర్నీ అటు తిరగమని మరీ కొత్తది టైపు చేసింది. ఇందులో ఆ లిపి మార్చేది దొరకదని, దొరికినా పెట్టుకోవద్దని పూజిత గట్టిగా చెప్పింది.

మెయిల్ తెరుచుకుంది. వరుసగా అన్నీ తెలుగు అక్షరాలు. పైన ఒకటి, ఇంకా చదవనిది. జగ్గమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది. నేను చదవనా అందామనుకుని నోరు మూసుకున్నాను. అది నా పని కాదు.

జగ్గమ్మ ఎటో చూస్తూ అంది, “అదేటో సూడు.”

బౌమా అనలేదు, ఇంకేమీ అనలేదు. మేరీరాణి చేతులు తుడుచుకుని వచ్చి, తెరని మళ్లీ తమవైపు తిప్పుకుని, జగ్గమ్మ పక్కన స్టూలు వేసుకుంది. గట్టిగా, స్పష్టంగా, చర్చిలో వాక్యం చదివినట్టు మొదలుపెట్టింది.

“జగ్గమ్మ వదినకి రామమ్మ రాయునది. మీ కోడలు ఇంటి గుట్టు అమ్ముకుంటోందని మీరు రాసింది చదివి మేమంతా చాలా బాధపడ్డాం.”

పూజిత నా చెయ్యి పట్టుకుంది. మేరీరాణి ఆగలేదు.

“అలాంటి మనిషిని ఇంట్లో ఉంచుకోవడం పామును పెంచుకోవడమే. పుట్టింటికి పంపేసి మంచి పని చేస్తున్నారు. మన అశోక్‌కుమార్‌కి మళ్లీ సంబంధం చూసే భారం నాది. ఇట్లు, రామమ్మ.”

చదవడం అయిపోయింది. ఆ తెర మీద ఏముందో జగ్గమ్మకి తెలిసే దారి లేదు. రామమ్మ కుశలమడిగిందని చెప్పినా నమ్మక తప్పదు. మా ఎదురుగా కాబట్టి చదివింది అనడానికి కూడా లేదు, మేం తెరకి ఇవతల ఉన్నాం.

“మరేదో ఒకటి సదివీయొచ్చు గదే,” అంది జగ్గమ్మ.

“ఉన్నదున్నట్టు సదవాలత్తా. సండేస్కూల్లో అలాగే నేర్పినారు.”

జగ్గమ్మ ఏడవలేదు, ఏడ్చే మనిషి కాదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

“రాయి,” అంది. “రామమ్మొదినకి జగ్గమ్మ రాయునది. నా కోడలు మీద నాను రాసింది అబద్దం. తప్పు నాది. నాకు తెలుగు సదవడం రాదు, ఆ సిగ్గుకి ఎవులో తెలీనోళ్లని ఇంట్లో పెట్టుకున్నాను. నా కొడుక్కి సంబందం సూడక్కర్లేదు.”

నాకు తెలుగు సదవడం రాదు అన్న దగ్గర మేరీరాణి వేళ్లు ఆగిపోయాయి. “అది వద్దత్తా,” అంది.

“రాయమన్నాను.”

రాసింది. రాసిందంతా ఒకసారి చదివి వినిపించింది. తర్వాత అత్తగారి అలవాటు తెలిసిన పిల్ల కదా, తెరని నావైపు తిప్పింది. అక్కడ నిజంగా అదే ఉందో లేదో నేను చూసి చెబితే జగ్గమ్మ నమ్ముతుందని. నేను కళ్లజోడు కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను.

జగ్గమ్మ చెయ్యి చాపి తెరని మళ్లీ కోడలివైపు తిప్పేసింది.

“ఆవిడ సూడక్కర్లేదు,” అంది. “పంపీ, మేరీ.”